మురుగు కుంటలో బత్తాయిలు వేసి చూసిన ఇంజినీరు సారు

మాది దేవరకొండ వైపు చిన్న ఊరు. 412 ఇండ్లు, 1,640 మంది జనం. ఊరి మోరీల నీళ్ళన్నీ పడమటి దిక్కు పల్లంలో ఉన్న కుంటలోకి పోతాయి. ఆ కుంటకు మా ఇల్లు అరవై గజాల దూరం. 2019 నుంచి 2024 జనవరి దాకా వార్డు మెంబరుగా ఉన్నాను, ఇప్పుడు మహిళా సంఘం పని చూస్తున్నాను. ఆ కుంటను బాగు చేయడానికి నల్లగొండలో ఒక రిటైర్డ్ ఇంజినీరు సారు దగ్గర డిజైన్ చేయించుకున్నాం. ఆయన, లెవెల్స్ (నేల ఎత్తుపల్లాలు) తీసే ఒక అబ్బాయి, ఒక గది. అంతే ఆఫీసు. ప్రచారం వద్దన్నారు కాబట్టి పేరు రాయడం లేదు. కానీ ఇలాంటి పని పెట్టుకునే ఊళ్ళకు ఏం అడగాలో, దేనికి డబ్బులు పెట్టాలో తెలియాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మా బాధ చెప్పాలి. ఫ్లోరైడ్ బోరు నీళ్ళ కాలంలో మా మోరీలు ఎండిపోయే ఉండేవి. ఒక్క బిందె నీళ్ళు మూడు పనులకు వాడుకునేవాళ్ళం. మిషన్ భగీరథ లెక్క పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు. ఆ నల్లా వచ్చాక తాగే నీళ్ళ గోస తీరింది. వాడిన నీళ్ళు ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరమూ ఆలోచించలేదు. 2020లో పంచాయతీ డబ్బులతో ఒక కాంట్రాక్టరు జేసీబీ పెట్టి 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 5 అడుగుల లోతు గుంత తీసి పోయాడు. నీళ్ళు వచ్చే తూము, పోయే తూము రెండూ ఒకే కట్టకు పెట్టాడు. ఏడాదికల్లా మీద పచ్చటి నాచు కప్పేసింది, కింద నల్లటి బురద. ఎండాకాలంలో ఉక్కపోతకు చచ్చిపోతున్నా రాత్రి కిటికీలు మూసుకుని పడుకునేవాళ్ళం. మా అత్తమ్మ కుంట వైపు అరుగు మీద కూర్చోవడమే మానేసింది.

2023లో కుంట సంగతి గ్రామసభలో గట్టిగా అడిగాం. ఒకాయన కట్ట మీద కాలు పెట్టకుండానే వేరే ఊరి డ్రాయింగు తెచ్చి చూపించాడు. ఇంకొకరు మోటార్లతో నడిచే ప్లాంటు అన్నారు, నెల నెలా కరెంటు బిల్లు ఎవరు కట్టాలి అంటే జవాబు లేదు. ఆ తర్వాత దొరికింది ఈ సారు.

ఆయన మొదటి రోజు డ్రాయింగు మాట ఎత్తలేదు. "మీ ఊరి మోరీలో రోజుకు ఎన్ని నీళ్ళు పారుతున్నాయి?" అని అడిగారు. ఎవరికీ తెలియదు. మోరీ చివర ఇసుక బస్తాలు అడ్డం పెట్టి, నీళ్ళన్నీ ఒక్క పైపు గుండా పడేలా చేశారు. 20 లీటర్ల బకెట్ ఒకటి, ఒక ఫోను, ఒక నోటు పుస్తకం మా సంఘం చేతిలో పెట్టారు. రెండు రోజులు, తెల్లవారుజామున నాలుగు నుంచి రాత్రి పది దాకా, అరగంటకోసారి బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో రాయాలి. మేం ఆరుగురం వంతులు వేసుకున్నాం. పొద్దున ఆరున్నరకు 7 సెకన్లలో నిండింది. మధ్యాహ్నం రెండు గంటలకు 40 సెకన్లు పట్టింది. అన్నీ కూడితే రోజుకు సుమారు 82 వేల లీటర్లు తేలింది. బతుకమ్మ పండుగకు ఆడబిడ్డలంతా ఊరికొచ్చిన రోజు మళ్ళీ కొలవమన్నారు. ఆ రోజు లక్ష దాటింది. మా ఊరి గురించి మా చేత్తో రాసిన అంకె అది. డిజైన్ మొత్తం దాని మీదే నిలబడింది.

బత్తాయిల సంగతి మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. గాలి లేవకముందే రమ్మని, తోటలో రాలిపోయిన బత్తాయిలు ఒక పది తెప్పించి, నీళ్ళు వచ్చే తూము దగ్గర ఒక్కొక్కటి వదిలారు. మేం కట్ట మీద నిలబడి చూస్తున్నాం. కాయలు కాసేపు అక్కడే తిరిగి, తర్వాత కట్ట వెంబడి నెమ్మదిగా పక్కకు జరిగాయి. కుంట అవతలి ఒడ్డు వైపు ఒక్కటీ పోలేదు. 50 నిమిషాలకు మొదటి బత్తాయి బయటికి పోయే తూము దగ్గర తేలింది. "అమ్మా, లెక్క ప్రకారం ఈ కుంటలో నీళ్ళు వారానికి పైగా నిలవాలి. గంట కూడా నిలవట్లేదు. మిగతా కుంటంతా ఉత్తగా మురుగుతోంది" అన్నారు. మూడేళ్ళు ఎందుకు కంపు కొట్టిందో ఆ ఒక్క గంటలో అర్థమైంది.

తర్వాత ఆ లెవెల్స్ అబ్బాయి మోరీల వెంట ఇల్లిల్లూ తిరిగాడు. 37 ఇండ్ల సెప్టిక్ ట్యాంకు పైపులు నేరుగా మోరీలోకి ఉన్నాయి. ఈ పనికి వచ్చే స్వచ్ఛ భారత్ నిధులు స్నానాలు, గిన్నెలు, బట్టల నీళ్ళకు మాత్రమే. లెట్రిన్ నీళ్ళు కలిస్తే అది వేరే లెక్క, ఆ కుంట చాలదు. "ఈ 37 ఇండ్ల సంగతి తేల్చకుండా నేను కాగితం మీద గీత గీయను" అని సారు కచ్చితంగా చెప్పారు. ఇది చాలా కష్టమైన పని. కొందరు మా మీద కోపం తెచ్చుకున్నారు, ఒక ఇంటివాళ్ళు నెల రోజులు మాట్లాడలేదు. కడకు ఇంటికొక ఇంకుడు గుంత తవ్వించాం, జాగా లేని రెండిండ్లకు కలిపి ఒకటి.

డిజైన్ వినండి. మోరీ చివర ఇనుప జాలీ, దాని వెనుక ఇసుక దిగే తొట్టి. తర్వాత మూడు కుంటలు. మొదటిది చిన్నది, లోతైనది, రెండున్నర మీటర్లు. నీళ్ళు అందులో రెండు రోజులు నిలిచి మడ్డి అడుగుకు దిగుతుంది. పాత కుంట మధ్యలో మట్టి కట్ట వేసి రెండు చేశారు. పెద్ద భాగం మీటరున్నర లోతు. దాన్ని ఎక్కువ లోతు తీయనీయలేదు. ఎండ తగిలే పైనీళ్ళలో పచ్చటి నాచుజీవులు పెరిగి పగటిపూట ఆక్సిజన్ ఇస్తాయట, ఆ ఆక్సిజన్‌తోనే బాక్టీరియా మురికిని తింటుందట. కరెంటు లేని ప్లాంటు అది. మూడోది ఇంకా పలచన, నాలుగు అడుగులు, అక్కడ ఎండకు క్రిములు చస్తాయి. ప్రతి కుంటకూ నీళ్ళు ఒక మూలన వచ్చి ఎదురు మూలన పోతాయి. పోయే పైపు మూతి నీటి మట్టానికి అడుగు కిందికి ఉంటుంది కాబట్టి మీద తేలే తెట్టె బయటికి పోదు. నీటి అంచు వెంట రెండడుగుల వెడల్పున రాయి పరిపించారు. అంచున గడ్డి మొలిస్తే దోమలకు అదే ఇల్లు. వాన నీళ్ళకు ముందే వేరే తోవ పెట్టారు. జోరు వాన పడితే ఎక్కువ నీళ్ళు పక్కన అలుగు దూకి వాగులోకి పోతాయి, కుంటలు కొట్టుకుపోవు.

మాది మొరం నేల. ఒక గుంత తీసి నీళ్ళు నింపి తెల్లారి చూస్తే జానెడు దిగిపోయింది. కింద ఒండ్రు మట్టి పరచకపోతే మురుగు బోర్లలోకి దిగుతుందన్నారు. ప్లాస్టిక్ షీటు ధర అడిగి భయపడ్డాం. చెరువు పూడిక మట్టి తెచ్చి, తడిపి, పొరలు పొరలుగా రోలరుతో తొక్కించి అడుగు మందం చేయించారు. ట్రాక్టర్లు ఊళ్ళోవాళ్ళే ఇచ్చారు, డీజిల్ పంచాయతీ పెట్టింది.

డబ్బుల విషయంలో ఈ సారు చేసిన మేలు డ్రాయింగు కంటే పెద్దది. స్వచ్ఛ భారత్ రెండో దశలో 5,000 లోపు జనాభా ఉన్న ఊరికి మురుగునీటి పనులకు తలకు 280 రూపాయలు, అంతకు మించితే 660 ఉండేది. మాకు 4,59,200 వచ్చింది. అందులో 30 శాతం, అంటే 1,37,760, మన పంచాయతీకి వచ్చిన 15వ ఆర్థిక సంఘం డబ్బుల్లోంచే పెట్టుకోవాల్సి వచ్చింది. ఇది చాలామందికి తెలియదు, మొత్తం పైనుంచి వస్తుందనుకుంటారు. ఎస్టిమేటు 7,85,000 అయింది. మట్టి పని 2,10,000 ఉపాధి హామీలో పెట్టారు. మిగిలిన 1,15,800 పంచాయతీ ఇంటి పన్నుల్లోంచి తీర్మానం చేసుకున్నాం. ఏ పని ఏ పద్దు కిందికి వస్తుందో వేరే వేరే కాగితాలు చేసిచ్చారు. కూలీలు తవ్వేది ఒక ఎంబీలో (పని కొలతలు రాసే పుస్తకం), సిమెంటు పని ఇంకో ఎంబీలో. మండల ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు టెక్నికల్ శాంక్షన్ ఇచ్చేటప్పుడు ఒక్క ప్రశ్న కూడా తిరిగి రాలేదు.

అంతకంటే ముఖ్యం, పనిని రెండుగా విడగొట్టడం. జాలీ, తొట్టి, మొదటి కుంట ముందు. అవి ఒక్కటే ఉన్నా పని చేస్తాయి. పాత కుంట మార్పులు తర్వాత. "డబ్బులు మధ్యలో ఆగుతాయి అనుకునే గీయాలి" అన్నారు. 2024 జనవరి కల్లా మొదటి భాగం అయిపోయింది. ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేక అధికారి వచ్చారు, బిల్లులు ఆగాయి. అప్పుడు పని సగంలో ఉంటే ఊరి పక్కన తవ్విన గుంత మిగిలేది. కానీ మొదటి కుంట పని చేస్తూనే ఉంది. వాసన అప్పటికే సగం తగ్గింది. మిగతా పని ఎండాకాలంలో ఉపాధి కూలీలతో చేసి, జులైలో నీళ్ళు వదిలాం.

లోపాలు కూడా రాయాలి. డ్రాయింగులు మూడు వారాలు ఆలస్యమయ్యాయి, అవీ ముందు ఇంగ్లీషులోనే వచ్చాయి. మేస్త్రీకి అర్థం కాక పైపు మూతి ఎత్తు తప్పు పెట్టాడు, పగలగొట్టి మళ్ళీ కట్టాల్సి వచ్చింది. అడిగాక తెలుగులో ఒక పేజీ రాసిచ్చారు. ఆ పేజీ మొదటే ఇచ్చి ఉంటే ఆరు వేలు మిగిలేవి. ఎస్టిమేటులో కంచె లేదు. ఇది నాకు పెద్ద తప్పుగానే అనిపిస్తుంది. పిల్లలు తిరిగే చోట రెండున్నర మీటర్ల లోతు కుంట పెట్టి కంచె మరిచిపోకూడదు. బర్రెలు దిగి రెండు చోట్ల కట్ట వాలు పాడు చేశాయి. ఇప్పటికి ముళ్ళ కంప వేశాం.

పని అయిపోయాక కూడా ఆయన ఫోన్ ఎత్తుతారు, నా మనసుకు నచ్చింది అది. రంగు చూసి కుంట ఆరోగ్యం చెప్పడం నేర్పించారు. ఆకుపచ్చగా ఉంటే బాగుంది, బూడిద రంగుకో నలుపుకో తిరిగితే భారం ఎక్కువైంది, గులాబీ రంగు కనిపిస్తే గంధకపు బాక్టీరియా పెరిగింది, ఆక్సిజన్ చాలట్లేదు. పోయిన మాఘ మాసంలో రెండో కుంట ఒక్కసారిగా గులాబీగా మారింది. నాకు గుండె ఆగినంత పనైంది. ఫోన్ చేస్తే "రాత్రి పూట ఎవరైనా ట్యాంకరు పోశారేమో చూడు తల్లీ" అన్నారు. నిజమే, సెప్టిక్ ట్యాంకులు తోడే బండి ఒకటి జాలీ దగ్గర పోసి పోతోంది. మా సంఘం వాళ్ళం కాపలా పడి ఆపించాం. ఎండ బాగా ఉన్న వేళ మూడో కుంటలోని పచ్చటి నీళ్ళను చిన్న మోటారుతో రెండో కుంటలోకి తిప్పి పోయమన్నారు. మూడు వారాలకు మళ్ళీ పచ్చబడింది. దీనికి ఆయన రూపాయి తీసుకోలేదు.

మడ్డి కొలవడం కూడా మేమే చేస్తాం. పొడుగు బొంగుకు తెల్ల తువ్వాల చుట్టి, నిలువుగా మెల్లగా అడుగుకు దించి, ఒక నిమిషం ఆగి అంతే మెల్లగా తీయాలి. నల్లగా అంటుకున్న మేర మడ్డి. పదిహేను నెలలకు 40 సెంటీమీటర్లు ఉంది. లోతులో మూడో వంతు నిండితే తోడించాలి. ఆ ఖర్చుకు పంచాయతీ నెలకు 1,500 పక్కన పెడుతోంది, ఈ తీర్మానం కూడా ఆయన పట్టుబట్టి రాయించిందే.

చివరి నీళ్ళు ఊరి నర్సరీకి, పశువుల గడ్డికి వాడుతున్నాం. కూరగాయలకు, ముఖ్యంగా ఆకుకూరలకు, పెట్టొద్దని సారు చెప్పారు. హైదరాబాద్ మురుగు పారే మూసీ కింద గడ్డి పెంచే ఊళ్ళు చూసినవాళ్ళం కాబట్టి మాకు చెప్పగానే అర్థమైంది. మూడో కుంటలో దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వదిలాం.

ఫీజు 18,000, లెవెల్ సర్వేకు 6,000. మొత్తం 24,000. గ్రామసభలో "కాగితాలకు ఇంత డబ్బా" అని గొడవైంది. 2020లో కాగితం లేకుండా తవ్విన గుంతకు ఎంత పెట్టామో పంచాయతీ పుస్తకం తెరిచి చదివాక ఎవరూ మాట్లాడలేదు.

నా మార్కు ఐదుకు నాలుగున్నర. కంచె కోసం అర తగ్గించాను. పిలిపించుకునే ఊరివాళ్ళు ముందు మోరీ నీళ్ళు రెండు రోజులు కొలిచి పెట్టుకోండి, సెప్టిక్ పైపుల లెక్క రాసుకోండి, ఆయన వచ్చిన రోజే పని మొదలవుతుంది. తెలుగు పేజీ, కంచె, రెండూ ముందే అడిగి రాయించుకోండి.

మా అత్తమ్మ మళ్ళీ కుంట వైపు అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.