56 లాఫ్ట్, 12 బౌన్స్: ఏళ్లుగా నా బ్యాగులో ఉన్న సాండ్ వెడ్జ్

గోల్ఫ్‌లో గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) దగ్గర బంతిని లేపడానికి వాడే క్లబ్ వెడ్జ్. దాన్ని కొనేటప్పుడు అందరం లాఫ్ట్ గురించే, అంటే బంతిని కొట్టే ముఖం (ఫేస్) ఎన్ని డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుందన్న దాని గురించే మాట్లాడుకుంటాం. 52 తీసుకోవాలా, 56 తీసుకోవాలా, 60 అయితే బంతి ఇంకా బాగా లేస్తుందా అని. క్లబ్‌ను తిప్పి అడుగు భాగం చూస్తే లాఫ్ట్ పక్కనే ఇంకో అంకె చెక్కి ఉంటుంది. నా వెడ్జ్ మీద 56 పక్కన 12 అని ఉంది. అదే బౌన్స్, దాని సంగతి కింద చెబుతాను. ఏళ్ల తరబడి దీన్నే వాడాక నేను గట్టిగా చెప్పగలిగింది ఒకటే. గ్రీన్ చుట్టూ మన ఆట ఎలా సాగుతుందన్నది చాలావరకు ఆ రెండో అంకె చేతిలోనే ఉంటుంది.

బ్రాండ్ పేరు కావాలనే రాయడం లేదు. దాదాపు ఇవే కొలతలతో వెడ్జ్‌లు పెద్ద కంపెనీల దగ్గర దొరుకుతాయి. నా మట్టుకు నాకు బ్రాండ్ మారితే కనిపించిన తేడా కన్నా బౌన్స్ మారితే కనిపించిన తేడా చాలా ఎక్కువ. నాది మామూలు క్రోమ్ పూత, స్టీల్ షాఫ్ట్ (క్లబ్ కర్ర), కాస్త వెడల్పాటి సోల్ (నేలను తాకే అడుగు భాగం). నేను ఎక్కువగా ఆడేది హైదరాబాద్‌లో, గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లా కోర్సులో. విశాఖ వెళ్లినప్పుడు ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్‌లో కూడా. నా హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మెరుగు) 18 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి నా మాటలు ఆ స్థాయి వాళ్లకే ఎక్కువ పనికొస్తాయి.

షార్ట్ గేమ్‌కి, అంటే గ్రీన్ దగ్గరి ఆటకి, ఇంత పట్టింపు ఎందుకంటే, అమెరికా పీజీఏ టూర్‌లో ఆడే ప్రొఫెషనల్స్ కూడా 18 హోల్స్‌లో సగటున 12 చోట్లే నిర్ణీత దెబ్బల లోపు గ్రీన్ చేరుకుంటారు. మిగిలిన చోట్ల వాళ్లూ చిప్ చేయాల్సిందే, అంటే గ్రీన్ పక్క నుంచి బంతిని కొద్దిగా లేపి దాని మీదికి చేర్చాల్సిందే. మనలాంటి వీకెండ్ ఆటగాళ్లకైతే గ్రీన్ తప్పడమే మామూలు, దొరకడమే విశేషం. డ్రైవర్ (దూరం కొట్టే క్లబ్) మీద పెట్టే డబ్బులో, టైమ్‌లో సగం ఇక్కడ పెట్టినా స్కోరు దిగుతుంది. టోక్యో ఒలింపిక్స్‌లో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ నాలుగో స్థానం దాకా వెళ్లింది బంతిని దూరం కొట్టి కాదు. డ్రైవ్‌లో చాలామంది కన్నా వెనకే ఉండి, గ్రీన్ దగ్గరికి వచ్చాక, పటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్) చేతికి వచ్చాక ఆ లోటు పూడ్చుకుంది.

బౌన్స్ అంటే ఏమిటో చూడాలంటే షాఫ్ట్ నిటారుగా ఉండేలా క్లబ్‌ను నేల మీద ఆనించి, వంగి పక్క నుంచి చూడండి. ముందు అంచు నేలకు తగలదు, కాస్త పైన ఉంటుంది. నేలను తాకేది సోల్ మధ్య, వెనుక భాగం. ఆ వాలు ఎన్ని డిగ్రీలో అదే బౌన్స్. 4 నుంచి 6 అయితే తక్కువ, 7 నుంచి 10 అయితే మధ్యస్థం, అంతకు మించితే ఎక్కువ అంటారు. ముందు అంచు నేలలో దిగబడకుండా సోల్‌ను జార్చుకుంటూ ముందుకు తీసుకుపోవడమే దాని పని. దీన్ని ప్రపంచానికి చూపించినవాడు అమెరికన్ గోల్ఫర్ జీన్ సరాజెన్. నిబ్లిక్ అనే పాతకాలపు క్లబ్ అడుగున టంకం పోసి, వెనుక భాగం ముందు అంచు కన్నా కిందికి వచ్చేలా మార్చుకున్నాడు. 1932లో ఇంగ్లండ్‌లోని ప్రిన్సెస్ కోర్సులో బ్రిటిష్ ఓపెన్ గెలిచినప్పుడు అతని బ్యాగులో ఉన్నది ఆ క్లబ్బే. ఈ రోజు మన చేతిలో ఉన్న సాండ్ వెడ్జ్‌లన్నీ దాని సంతానమే.

వానాకాలంలో ఈ 12 బౌన్స్ నిజంగా వరం. జులై, ఆగస్టు నెలల్లో నేల మెత్తబడి, గ్రీన్ చుట్టూ గడ్డి ఒత్తుగా పెరుగుతుంది. అలాంటి చోట బౌన్స్ తక్కువున్న 60 డిగ్రీల వెడ్జ్ బంతికి వేలెడు వెనక తగిలిందంటే అంచు మట్టిలో దిగి అక్కడే ఆగిపోతుంది. బంతి రెండడుగులు కదిలి మళ్లీ మన కాళ్ల దగ్గరే ఉంటుంది. 56/12తో అదే దెబ్బ అంతే వెనక తగిలినా సోల్ గడ్డి మీదుగా జారి బంతిని చేరుకుంటుంది. బంతి అనుకున్న చోట పడకపోవచ్చు, గ్రీన్ మీదికైతే వస్తుంది. స్కోర్‌కార్డ్ మీద ఇది ఒక స్ట్రోక్ తేడా. మనసుకు మాత్రం అంతకన్నా ఎక్కువ, ఎందుకంటే దిగబడుతుందేమో అన్న టెన్షన్ లేకపోతే చేతులు బిగుసుకోవు. చేతులు బిగుసుకోకపోతే చిప్‌లో సగం పని అయిపోయినట్టే.

ఎండాకాలం వచ్చేసరికి వ్యవహారం తిరగబడుతుంది. ఏప్రిల్ నెలాఖరుకు గ్రీన్ పక్కన జనం నడిచే దారుల్లో గడ్డి పలచబడి, కింద ఎర్రమట్టి అరుగులా గట్టిపడి ఉంటుంది. అక్కడ ఇంత బౌన్స్ ఉన్న సోల్ ముందు నేలకు తగిలి పైకి ఎగురుతుంది. ముందు అంచు బంతి నడుముకు తగులుతుంది. బంతి నేలబారుగా గ్రీన్ దాటి అవతలి రఫ్‌లోకి (పొడవు గడ్డిలోకి) పోతుంది. కొనేవాళ్లు ఈ సంగతి తెలిసే కొనాలి.

దీనికి రెండు దారులున్నాయి. చేతులను బంతి కన్నా కాస్త ముందుకు తెచ్చి షాఫ్ట్‌ను హోల్‌లో నిలబెట్టిన జెండా వైపు వాల్చడం మొదటిది. ఎన్ని డిగ్రీలు వాలిస్తే బౌన్స్ సుమారుగా అన్ని డిగ్రీలు తగ్గుతుంది. 5 డిగ్రీలు వాలిస్తే 12 కాస్తా 7 అవుతుంది. దాంతోపాటు 56 లాఫ్ట్ కూడా 51 అవుతుంది, కాబట్టి బంతి తక్కువ ఎత్తులో వెళ్లి ఎక్కువ దూరం దొర్లుతుందని ముందే లెక్క వేసుకోవాలి. రెండో దారి, అసలు వెడ్జ్ తీయకపోవడం. నా అనుభవంలో ఇదే మేలు.

నాకు దీన్ని ఒంటబట్టించింది ఏళ్లుగా బ్యాగులు మోస్తున్న ఒక క్యాడీ. అలాంటి గట్టి లై (బంతి ఆగిన చోటు) మీద నేను వెడ్జ్ అందుకోబోతే ఆపాడు.

"సార్, లేపకుండ్రి. ఎనిమిది నంబర్ ఐరన్ తీసుకొని దొర్లియ్యుండ్రి."

"జెండా దగ్గర్నే ఉంది గదన్నా, ఆగుతదా?"

"ఆగుతది సార్. గ్రీన్ మీద జరంత లోపల పడితే చాలు, మిగిలింది అదే పోతది."

ఆయన అలవాటుతో చెప్పిన దానికి ఒక లెక్క ఉంది. 12 లోంచి ఐరన్ క్లబ్ మీది నంబర్ తీసేయండి (నంబర్ పెరిగేకొద్దీ లాఫ్ట్ పెరుగుతుంది). గాల్లో ఒక వంతు వెళ్తే నేల మీద దొర్లేది ఎన్ని వంతులో తెలుస్తుంది. పిచింగ్ వెడ్జ్‌ను 10 అనీ, సాండ్ వెడ్జ్‌ను 11 అనీ లెక్కించాలి. బంతి నుంచి హోల్ 12 అంగల దూరంలో ఉందనుకోండి. 7 ఐరన్‌తో అయితే గాల్లో 2 అంగలు, దొర్లడం 10 అంగలు. పిచింగ్ వెడ్జ్‌తో 4, 8. సాండ్ వెడ్జ్‌తో 6, 6. స్వింగ్ ఒకటే, మారేది క్లబ్ మాత్రమే. గ్రీన్ ఎత్తుకు ఎక్కుతుంటే ఒక నంబర్ తక్కువ ఐరన్, పల్లానికి దిగుతుంటే వెడ్జ్ వైపు ఒకటి జరగాలి. బంతి ఎంత త్వరగా గ్రీన్ మీద పడి దొర్లడం మొదలుపెడితే అంత మంచిది. బంతికీ గ్రీన్‌కీ మధ్య బంకరో (ఇసుక గుంట), ఎత్తయిన రఫ్ఫో అడ్డం ఉంటేనే 56 తీయాలి. మన దేశంలో చిన్న కోర్సుల్లో గడ్డి గ్రీన్లకు బదులు ఇసుకలో నూనె కలిపి చదును చేసిన బ్రౌన్స్ ఉండేవి, కొన్నిచోట్ల ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీద ఆడి పెరిగిన పెద్దవాళ్లు దొర్లించే షాట్ కొడుతుంటే చూడాలి. కళ్లు తిప్పుకోలేం.

మళ్లీ వెడ్జ్ దగ్గరికి వస్తాను. వేడి ప్రాంతాల కోర్సుల్లో ఎక్కువగా పెంచే బెర్ముడా గడ్డికి ఒక గుణం ఉంది. అది నిటారుగా నిలబడకుండా ఒక పక్కకు వాలి పెరుగుతుంది. దీన్నే గ్రెయిన్ అంటారు. మన చోటు నుంచి చూస్తే గడ్డి లేతగా మెరుస్తుంటే అవతలికి వాలి ఉన్నట్టు, ముదురుగా కనిపిస్తే మన వైపు వాలి ఉన్నట్టు. కప్పు (హోల్) అంచు ఒక పక్క చిరిగి ఎండినట్టు ఉంటే గడ్డి వాలు అటువైపే. గ్రీన్ పక్కన చిప్ చేసేటప్పుడు గడ్డి మనకు ఎదురుగా వాలి ఉంటే ముందు అంచు పోచల్లో చిక్కుకుని క్లబ్ ఆగిపోతుంది. నాకు ఈ వెడ్జ్ మీద ప్రేమ ఎక్కువైంది ఇక్కడే. షాఫ్ట్‌ను అసలు వాల్చకుండా నిటారుగా ఉంచి, సోల్ వెనుక భాగం ముందు తగిలేలా కొడితే ఎదురు గడ్డిలోంచి కూడా జారిపోతుంది. బౌన్స్ తక్కువున్న క్లబ్‌తో అక్కడ నాకు ఎప్పుడూ ధైర్యం చాలలేదు.

బంకర్ విషయానికొస్తే, పొడి ఇసుకలో దీనికి తిరుగు లేదు. ముందు ఫేస్ తెరిచి, అంటే కాస్త ఆకాశం వైపు తిప్పి, ఆ తర్వాతే గ్రిప్ పట్టుకోవాలి. గ్రిప్ పట్టుకున్నాక మణికట్టు తిప్పి తెరిస్తే బంతి దగ్గరికి వచ్చేసరికి అది మళ్లీ మూసుకుంటుంది. ఫేస్ తెరిచేకొద్దీ బౌన్స్ ఇంకా పెరుగుతుంది. బంతికి రెండంగుళాల వెనక ఇసుకలోకి వెళ్లనిచ్చి, ఆగకుండా చివరిదాకా తిప్పేస్తే ఇసుకే బంతిని మోసుకెళ్లి బయట పడేస్తుంది. సరిగ్గా తగిలినప్పుడు వచ్చే మెత్తటి 'ధప్' చప్పుడు వింటే ఫలితం చూడకుండానే తెలిసిపోతుంది. వాన వెలిశాక తడిసి గట్టిపడ్డ ఇసుకలో మాత్రం ఫేస్ తెరవకండి. అక్కడ 52 గానీ పిచింగ్ వెడ్జ్ గానీ తీసి, ఫేస్ సూటిగా పెట్టి ఆడటమే క్షేమం.

స్టాన్స్ గురించి క్లుప్తంగా, కుడిచేతి వాళ్ల లెక్కలో. కాళ్లు దగ్గరగా, బరువు ఎడమ కాలి మీద సగం కన్నా కాస్త ఎక్కువ, బంతి మధ్యలో, గ్రిప్ వదులుగా. చేతులతో తవ్వి ఎత్తొద్దు. లేపే పని లాఫ్ట్ చేస్తుంది, మన ఛాతీ జెండా వైపు తిరిగితే చాలు. దూరం తేల్చేది ఊపు బలం కాదు, వెనక్కి ఎంత ఎత్తుదాకా తీసుకెళ్లామన్నది. మోకాలి ఎత్తు, నడుము ఎత్తు, ఛాతీ ఎత్తు, ఈ మూడింటికీ మీ బంతి ఎక్కడ పడుతుందో తెలుసుకుంటే చాలా షాట్లు వీటిలోనే ఇమిడిపోతాయి.

ప్రాక్టీస్‌లో నాకు బాగా పనికొచ్చింది టవల్. చిన్న టవల్ మడిచి బంతికి జానెడు వెనక పెట్టండి. క్లబ్ టవల్‌కు తగిలిందంటే నేలకు ముందే తగులుతోందని అర్థం. ఇంకొకటి, బకెట్ నిండా బంతులు పోసుకుని ఒకే చోటు నుంచి కొట్టే కన్నా ఒకే బంతితో చిప్ చేసి, పటర్ తీసుకుని నడిచివెళ్లి హోల్ ముగించి, మళ్లీ ఇంకో లై వెతుక్కోవడం. ఇందులో ప్రతి చిప్‌కీ విలువ ఉంటుంది. డ్రైవింగ్ రేంజ్ మ్యాట్ మీద వెడ్జ్ ప్రాక్టీస్‌ను మాత్రం నేను నమ్మను. మ్యాట్ మీద ఏ సోల్ అయినా జారిపోతుంది, వెనక తగిలినా బంతి చక్కగా లేస్తుంది, అసలు నేల మీద ఆ షాట్ ఉండదు. స్పెయిన్ గోల్ఫర్ సెవె బాలెస్టెరోస్ చిన్నప్పుడు తన దేశంలోని పెద్రెన్యా తీరంలో ఒక్క 3 ఐరన్‌తోనే ఆట నేర్చుకున్నాడు. అన్ని రకాల లై మీదా ఒకే క్లబ్‌తో ఆడితే అది నేలను ఎలా తాకుతుందో చేతులకు తెలిసిపోతుంది. ఈ 56తో నాకూ చిన్న ఎత్తున అదే జరిగింది.

ఇక మన్నిక. క్రోమ్ పూత చాలాకాలం బాగానే నిలిచింది, ఇసుక తగిలే సోల్ భాగంలో మాత్రం పోయింది. గ్రిప్ రెండేళ్లకోసారైనా మార్చక తప్పదు. హైదరాబాద్ ఎండకు, చెమటకు రబ్బరు బిరుసెక్కుతుంది. అసలు అరుగుదల గ్రూవ్‌లలో, అంటే ఫేస్ మీద అడ్డంగా చెక్కిన గాళ్లలో. 2010 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం గ్రూవ్ అంచులు మునుపటంత పదునుగా ఉండకూడదు, కాబట్టి ఉన్న పదునునే కాపాడుకోవాలి. ఎర్రమట్టి గ్రూవ్‌లో ఎండిపోతే తీయడం కష్టం. అందుకే ప్రతి షాట్ తర్వాత తడి టవల్‌తో తుడుస్తాను. ఇంత చేసినా ఫేస్ కింది భాగంలో గ్రూవ్‌లు నునుపెక్కాయి. ఒకప్పుడు పడి, ఒక గెంతు వేసి ఆగే పిచ్ (ఎత్తుగా లేపి కొట్టే షాట్) ఇప్పుడు ఇంకో నాలుగైదు అడుగులు ముందుకు పోతోంది. చిన్న చిప్‌లలో ఆ తేడా తెలియదు, బంకర్‌లో అసలే తెలియదు.

కొత్త ప్రీమియం వెడ్జ్ ధర పదివేలు దాటుతుంది కాబట్టి సెకండ్ హ్యాండ్ వెతకడంలో తప్పు లేదు. ఫేస్ మధ్యకు కాస్త కింద గోరుతో గ్రూవ్‌లకు అడ్డంగా, పై నుంచి కిందికి గీరి చూడండి. ప్రతి గ్రూవ్ దగ్గరా గోరు పట్టుకోవాలి, జారిపోతే వదిలేయండి. వీలైతే తోటి ఆటగాడి వెడ్జ్ అడిగి నిజమైన గడ్డి మీద, ఒక మెత్తటి చోట, ఒక గట్టి చోట కొట్టి చూశాకే డబ్బు పెట్టండి. నేల తవ్వుతూ కొట్టే అలవాటున్నవాళ్లకు, పొడి ఇసుక బంకర్లున్న కోర్సులో ఆడేవాళ్లకు 12 కళ్లు మూసుకుని చెబుతాను. గడ్డి పైపైన ఊడ్చినట్టు కొట్టేవాళ్లకు, ఎండాకాలమంతా గట్టి నేల మీద ఆడేవాళ్లకు 8 లేదా 10 చూసుకోమంటాను. నాకు ఈ ఏడాది మార్చక తప్పేలా లేదు. ఈసారి 56/10 తీసుకుంటాను, దానికి తోడు 60 బదులు 52.