ఉబుంటులో పోస్ట్‌గ్రెస్ ప్యాకేజీలు: పాతదాన్ని చెరపని ఆ ఒక్క గుణం

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణం లెక్కల కంప్యూటర్‌ను 2019 నుంచి నేనే చూసుకుంటున్నాను. ఉబుంటు 18.04 ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చిన, లెక్కలన్నీ దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 10తో మొదలై, ఇప్పుడు 16 దగ్గర ఉన్నాం. ఇన్నేళ్లలో ఈ ప్యాకేజీల మీద నాకు గట్టి అభిమానం కలగడానికి కారణం ఒక్కటే: కొత్త ప్రధాన వెర్షన్ వచ్చినప్పుడు పాతదాన్ని తుడిచేయదు. వెర్షన్ 14కు దాని ప్రోగ్రాములు, దాని డేటా డైరెక్టరీ, దాని పోర్టు (ఇతర ప్రోగ్రాములు దాన్ని చేరుకునే నంబరు) ఉంటాయి. 16కు దానివి వేరు. ఒక ప్రధాన వెర్షన్ రాసిన డేటా ఫైళ్లను మరొకటి నేరుగా తెరవలేదు కాబట్టి, ఈ ఏర్పాటే లేకపోతే ప్రతి మార్పూ గండమే అయ్యేది.

గత ఫిబ్రవరిలో, సీజను ముమ్మరంగా ఉండగా, ఒక ఆదివారం అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కొత్త ప్యాకేజీ వేశాను. అది పోస్ట్‌గ్రెస్ 16 కావాలంది. మా ఉబుంటు 22.04లో ఉన్నది 14 గనుక, పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు వారి రిపాజిటరీని (ప్యాకేజీలు దొరికే చోటును) కలిపి ఇన్‌స్టాల్ చేశాను. ఎక్కడా ఎర్రర్ రాలేదు. సోమవారం ఉదయం మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగుతున్న వేళ గుమాస్తా ఫోన్ చేసి, "రైతుల పేర్లు ఒక్కటీ కనబడటం లేదండీ, పాత బాకీలన్నీ సున్నా చూపిస్తోంది" అన్నాడు. అప్పటికే అతను పేర్లు మళ్లీ ఎక్కించుకుంటూ 11 తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు) వేసేశాడు.

పరుగున వెళ్లి, క్లస్టర్ల (ఒక్కో వెర్షన్ నడిపే డేటాబేసుల సముదాయాల) జాబితా చూపే పీజీ ఎల్‌ఎస్‌క్లస్టర్స్ ఆదేశం ఇచ్చాను. తెర మీద రెండు వరుసలు వచ్చాయి: 14 పోర్టు 5432లో, 16 పోర్టు 5433లో, రెండూ నడుస్తూనే ఉన్నాయి. 16ను వేసేటప్పుడు ప్యాకేజీ ఒక ఖాళీ క్లస్టర్‌ను తయారుచేసి తర్వాతి పోర్టు ఇచ్చింది. అకౌంట్స్ ఇన్‌స్టాలర్ ఆ కొత్త పోర్టునే తన సెట్టింగుల్లో రాసుకుంది. ఆరేళ్ల లెక్కలు 14లో చెక్కుచెదరకుండా ఉన్నాయని తెలిశాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

ఆ రోజు మిగిలిన తక్‌పట్టీలు చేతితో రాయించాం. సాయంత్రం యార్డు ఖాళీ అయ్యాక 14కు పూర్తి బ్యాకప్ తీసి వేరే డిస్కులో పెట్టాను, ఆ 11 తక్‌పట్టీలను కాగితం మీద ముద్రించుకున్నాను, ఆ తర్వాతే, పాత డేటాకు చోటు ఖాళీ చేయడానికి 16 క్లస్టర్‌ను తొలగించాను. తొలగించే పీజీ డ్రాప్‌క్లస్టర్ ఆదేశం మళ్లీ అడిగి నిర్ధారించుకోదు. 16 బదులు 14 అని కొడితే పోయేది అసలు ఖాతాలే. అందుకే ఎంటర్ నొక్కే ముందు ఆ వరుసను గుమాస్తా చేత కూడా చదివించాను. పాత క్లస్టర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చే పీజీ అప్‌గ్రేడ్‌క్లస్టర్ ఆదేశం నడిపాక డేటా 16లోకి వచ్చింది, 5432 పోర్టు దానికే దక్కింది, పాత 14 వేరే పోర్టుకు జరిగి ఆగిపోయింది. అకౌంట్స్ సెట్టింగుల్లో పోర్టు సరిచేసి, ఆ 11తో పాటు చేతిరాత తక్‌పట్టీలనూ రాత్రికి ఎక్కించాం.

పాతదాన్ని చెరపదన్న నా మాటకు కట్టుబడే ఉన్నాను, కాని ఏ ప్రోగ్రాము ఏ వెర్షన్‌తో మాట్లాడుతోందో ఆ ప్యాకేజీ చూసుకోదు. కొత్త క్లస్టర్ తయారైందన్న సంగతి ఇన్‌స్టాల్ సమయంలో తెర మీద ఒక్క వరుసగా వెళ్లిపోతుంది, నేను చదవలేదు. అంతకుముందు 18.04 నుంచి 20.04కు మారినప్పుడు కూడా, సిస్టమ్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28లో అక్షరక్రమ నియమాలు మారినందువల్ల పాత ఇండెక్సులు (వెతకడానికి వాడే సూచికలు) తప్పి, ఖాతాలో ఉన్న కొందరు రైతుల పేర్లు వెతికితే దొరకలేదు. వెర్షన్లను విడిగా ఉంచడం ఆ చిక్కును ఆపలేదు; ఇండెక్సులన్నీ తిరిగి కట్టాల్సి వచ్చింది. అప్పటి నుంచి వెర్షన్ మార్చేటప్పుడు పాత ఫైళ్లనే లింకు చేసే వేగమైన పద్ధతి జోలికి పోకుండా, డేటానంతా బయటికి తీసి మళ్లీ ఎక్కించే పద్ధతినే వాడుతున్నాను.

మా డేటా తొమ్మిది గిగాబైట్లే కాబట్టి ఆ పని నలభై నిమిషాల్లో ముగిసింది. పైగా మాకు శని, ఆదివారాలు యార్డు సెలవు. రాత్రింబగళ్లు నడిచే ఆసుపత్రికో, వందల గిగాబైట్లు ఉన్న సంస్థకో ఇదే పద్ధతి సరిపోతుందని నేను చెప్పలేను. మా దుకాణం వరకు మాత్రం వేరే ఏర్పాటు వైపు చూడాలని లేదు. పాత 14ను కూడా, యార్డుకు వేసవి సెలవులు ఇచ్చి సీజను లెక్కలన్నీ సరిపోయాకే తొలగించాను.