‘నెలకు లక్ష తెలుగు పదాలు’ అనే ఏఐ సాధనానికి డబ్బు కట్టే ముందు

రాసిన కథను దిద్దుకోవడానికి ఏఐ సాధనం కొనాలనుకునేవారు కాస్త ఆగండి. నేను ఆగలేదు. ఏడు రోజులు ఉచితం, ఆపైన ఏడాదికి 3,600 రూపాయలు, నెలకు లక్ష తెలుగు పదాలు దిద్దిపెడతామన్నారు. చూసి నిర్ణయించుకుందామని చేరాను. ఎనిమిదో రోజు ఖాతాలోంచి డబ్బు పోయింది. సరే, కట్టాం కదా అని వాడుకున్నాను.

లక్ష పదాలు తొమ్మిది రోజుల్లో అయిపోయాయి. నా కథ ఆరు వేల పదాలు, నాలుగుసార్లు దిద్దించాను, అంతే! అడిగితే, వారు లెక్కపెట్టేది పదాలను కాదట, టోకెన్లనట. అంటే యంత్రం మాటను విరిచి చదువుకునే ముక్కలు. మామూలు ఇంగ్లీషు మాట చాలాసార్లు ఒకే ముక్క. తెలుగు మాట చాలా సాధనాల్లో పొడిపొడి అవుతుంది. కంప్యూటర్ నిల్వలోనూ అంతే: యూటీఎఫ్-8 పద్ధతిలో ‘పుస్తకం’ 21 బైట్లు, ‘బుక్’ను ఇంగ్లీషులో రాస్తే 4. వారి లక్ష ఇంగ్లీషు లెక్క. తెలుగువారికి అమ్ముతూ ఆ సంగతి దాచినందుకే నాకు ఒళ్లు మండింది.

డబ్బు సంగతి అలా ఉంచి, దిద్దుబాటు చూడండి. కథలో నాయనమ్మ ‘బువ్వ తిన్నావా నాయనా’ అంటుంది. అది ‘ఆహారం స్వీకరించావా కుమారా’ అయింది. నవ్వుకుని మార్చుకున్నాను. అసలు ప్రమాదం నవ్వు రానిచోట ఉంది. ఆమె నోట ఒక వేమన పద్యం పెడదామని అడిగితే, ‘విశ్వదాభిరామ వినురవేమ’తో సహా ఇచ్చింది. నమ్మి అతికించాను. చదివి వినిపిస్తుంటే, తెలుగు మాస్టారుగా పనిచేసిన మా పెదనాన్న రెండో పాదం దగ్గరే ఆపేశారు. వేమన పద్యాల ఛందస్సు ఆటవెలది. దాని రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే (ఒక రకం అక్షరాల కూర్పులు) ఉండాలి. అక్కడున్నవి ఏ గణాలో ఆయనకే అంతుపట్టలేదు. మకుటం ఒక్కటే వేమనది!

చందా ఆపేద్దామంటే ఆ మీట ఎక్కడుందో దొరకదు. ఫోనులోంచి యాప్ తీసేస్తే చందా ఆగదు. యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోకి వెళ్లి రద్దు చేయాలి. ఒకసారి అనుమతి ఇచ్చాక, ఇలాంటి చందాలకు 15,000 రూపాయల వరకు మళ్లీ పిన్ అడగరు. 24 గంటల ముందు సందేశం మాత్రం వస్తుంది. నాకూ వచ్చింది, ప్రకటనల గుంపులో చూసుకోలేదు, అది నా తప్పే. ఇలా చందాలో ఇరికించడం 2023 నవంబరులో కేంద్రం నిషేధించిన 13 మోసపూరిత పద్ధతుల్లో ఒకటి. అందుకే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. డబ్బు ఇంకా రాలేదు.

కొనే తీరాలనుకుంటే, ఉచిత గడువులోనే మీ సొంత పేజీ ఒకటి, మీ ఊరి మాటలున్నది, ఇచ్చి చూడండి. ఎన్ని టోకెన్లు ఖర్చయ్యాయో రాసిపెట్టుకోండి. పాత ప్రతిని విడిగా దాచుకోండి. నేను దాచుకోలేదు. నాయనమ్మ మాటలన్నీ గుర్తు తెచ్చుకుంటూ కథను మళ్లీ చేత్తో రాస్తున్నాను, ఇప్పటికి ఆరు పేజీలయ్యాయి.