టర్బో కారుకి చేతి వాక్యూమ్ పంపు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

టర్బో పెట్రోల్ కారుకి పికప్ తగ్గిందని గ్యారేజీకి తీసుకెళ్తే చాలాచోట్ల ముందు వినిపించే మాట 'టర్బో పోయింది సార్'. ఆ మాటతో మొదలయ్యే బిల్లు తలుచుకుంటే ఎవరికైనా టెన్షనే. చాలాసార్లు టర్బోకి ఏమీ కాదు. అది కష్టపడి నొక్కిన గాలి ఇంజిన్‌కి చేరేలోపు ఎక్కడో జారిపోతుంటుంది. అలా జారిపోయే చోట్లలో బ్లో-ఆఫ్ వాల్వ్, అంటే కాలు తీసినప్పుడు మిగిలిన గాలిని వదిలేసే వాల్వ్, ఒకటి. ఆ లీక్ పట్టుకోవడానికి నేను ఏళ్లుగా వాడుతున్నవి మూడున్నాయి: చేతి వాక్యూమ్ పంపు, ఇంట్లో చేసుకున్న ప్రెషర్ టెస్టర్, కారు కంప్యూటర్‌లోని రీడింగులు చూపే ఒక ఓబీడీ స్కానర్. మూడింట్లో ఒక్కటే కొనుక్కోమంటే కళ్లు మూసుకుని చేతి పంపు అంటాను.

నాది వయసు మీరిన సెడాన్. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్, హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజూ నలిగే బండి. దీనిలో వాల్వ్ ఇంజిన్ వాక్యూమ్‌తో తెరుచుకునే రకం. వదిలేసిన గాలిని బయటికి ఊదదు, తిరిగి టర్బో ముందున్న పైపులోకే పంపుతుంది. దీన్నే డైవర్టర్ వాల్వ్ అంటారు. కంపెనీ నుంచి వచ్చే కార్లలో దాదాపు అన్నీ ఈ పద్ధతే.

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే థ్రాటిల్, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ద్వారం, మూసుకుంటుంది. టర్బో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది, గాలికి పోయే దారి ఉండదు. అప్పుడు మానిఫోల్డ్‌లో (థ్రాటిల్ తర్వాత సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో) పుట్టే వాక్యూమ్ వాల్వ్‌లోని డయాఫ్రమ్‌ని (పలుచటి రబ్బరు పొరని) లాగి దారి తెరుస్తుంది. మళ్లీ కాలు నొక్కితే మానిఫోల్డ్‌లోని బూస్ట్ ప్రెషర్ (టర్బో నొక్కిన గాలి ఒత్తిడి) డయాఫ్రమ్ మీద పడి, స్ప్రింగ్‌తో కలిసి దాన్ని మూసి ఉంచుతుంది. డయాఫ్రమ్ చిరిగితే ఈ రెండో పని చెడుతుంది. నొక్కిపెట్టే బలం తగ్గేసరికి బూస్ట్ పెరిగే కొద్దీ వాల్వ్ తనంతట తానే తెరుచుకుంటుంది. గాలి టర్బో చుట్టూనే గిరగిరా తిరుగుతుంది, బండి మాత్రం బరువెక్కినట్టు నడుస్తుంది. కొన్ని కార్లలో ఐడిల్ కూడా ఎగుడుదిగుడుగా ఉంటుంది. బూస్ట్ చాలడం లేదని కారు కంప్యూటర్‌లో పి0299 అనే లోపం కోడ్ వస్తే రావచ్చు, రాకపోనూ వచ్చు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. కాలు తీసినప్పుడు 'టుటుటు' అని కొట్టుకునే శబ్దం వస్తే వాల్వ్ లీకవుతోందని చాలామంది అనుకుంటారు. అది సాధారణంగా వాల్వ్ తెరుచుకోనప్పుడు వచ్చే శబ్దం. లీకయ్యే వాల్వ్ ఇంత గోల చేయదు. లోడ్ మీద సన్నగా 'స్‌స్‌స్' అంటుంది, అది కూడా అద్దాలు దించి ఏదైనా గోడ పక్కనుంచి వెళ్తేనే వినపడుతుంది.

ఇక పంపు సంగతి. వాల్వ్ మీది సన్నటి వాక్యూమ్ గొట్టం తీసి, ఆ నాజిల్‌కి పంపు తగిలించి హ్యాండిల్ నొక్కుతూ పోవాలి. ఐడిల్‌లో ఆరోగ్యమైన ఇంజిన్ వాక్యూమ్ 18 నుంచి 20 అంగుళాల మెర్క్యురీ దగ్గర ఉంటుంది కాబట్టి, నేనూ 20 దగ్గర ఆపుతాను. వాల్వ్ తెరుచుకోవాలి, ఒక నిమిషం పాటు సూది కదలకూడదు. పంపు వదలగానే టక్కున మూసుకోవాలి. నా బండిలో అసలు వాల్వ్ పొద్దున చల్లగా ఉన్నప్పుడు సూదిని నిలబెట్టేది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక రౌండ్ వేసొచ్చి వెంటనే చూస్తే సూది మెల్లగా 12 దాకా దిగిపోయేది. రబ్బరు వేడెక్కితేనే పగులు విచ్చుకుంటుందన్నమాట. కొత్తది వేశాక ఆ పాతదాన్ని హ్యాక్సాతో కోసి చూశాను. డయాఫ్రమ్ మడత పడే అంచున వెంట్రుకంత సన్నటి చీలిక, వేలితో సాగదీస్తే తప్ప కంటికి ఆనలేదు. గ్యారేజీల్లో నాజిల్‌ని నోట్లో పెట్టుకుని పీల్చి 'బాగానే ఉంది సార్' అనేస్తారు. ఆ పద్ధతికి పెద్ద చిరుగులే దొరుకుతాయి, ఇలాంటివి దొరకవు. అందుకే పరీక్ష వేడి మీదే చేయండి. చేతికి గ్లౌజులు, రేడియేటర్ ఫ్యాన్‌కి దూరం, రెండూ మరిచిపోవద్దు.

పంపుకీ లోపాలున్నాయి. దానితో వచ్చే రబ్బరు అడాప్టర్లు మన ఎండలకి రెండు వేసవులు ఆగవు. లోపలి సీలు ఎండిపోతే పంపే లీకవుతుంది. కాబట్టి ముందు నాజిల్‌ని బొటనవేలితో మూసి, సూది నిలబడుతోందో లేదో చూసుకోవాలి. ప్లాస్టిక్ బాడీ కంటే లోహపు బాడీ ఉన్నది తీసుకోవడం నయం. వాల్వ్‌తో పాటు దానికి వెళ్లే సన్న గొట్టాన్నీ ఇదే పంపుతో ఒక కొన మూసి పరీక్షించవచ్చు. నాకు తెలిసిన బండ్లలో వాల్వ్ కంటే ఆ గొట్టం కొన పగిలినవే ఎక్కువ.

రెండోది ప్రెషర్ టెస్టర్. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికే పీవీసీ ఎండ్ క్యాప్, దానికి బిగించిన ట్యూబ్‌లెస్ టైరు వాల్వ్, ఒక హోస్ క్లిప్పు, అంతే. లోపలికి వచ్చే గాలిని లెక్కించే ఎయిర్ ఫ్లో సెన్సర్ తర్వాతి పైపు విప్పి దీన్ని బిగించి, టైర్లకి గాలి కొట్టే 12 వోల్టుల పంపుతో 12 నుంచి 15 పీఎస్‌ఐ దాకా ఎక్కించాలి. అంతకు మించి వద్దు. క్యాప్ ఊడితే దెబ్బ గట్టిగా తగులుతుంది, మొహం ఎదురుగా పెట్టకండి. జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లితే బుడగలే చెబుతాయి. ఇంటర్‌కూలర్ పైపులకి దీన్ని మించింది లేదు.

కానీ డైవర్టర్ వాల్వ్ లోపలి లీక్ ఈ పరీక్షలో అసలు కనపడదు. కారణం తేలికే. టర్బో ముందు నుంచి గాలి ఎక్కిస్తే వాల్వ్‌కి అటూ ఇటూ ఒకే ప్రెషర్ ఉంటుంది, ఇక గాలి ఎటు జారుతుంది? 'ప్రెషర్ టెస్ట్ పాసైంది, వాల్వ్ మంచిదే' అని తేల్చేసినవాళ్లని చాలామందిని చూశాను. సీటు లీక్ (వాల్వ్ మూసుకుని ఆనే చోట లీక్) చూడాలంటే వాల్వ్ నుంచి వెనక్కి వెళ్లే పైపు విడదీసి, ఇన్‌టేక్ వైపు రంధ్రం మూసేసి, అప్పుడు గాలి ఎక్కించాలి. నేను వాల్వ్ మూతికి ఒక సర్జికల్ గ్లౌజు తొడిగి రబ్బరు బ్యాండ్ వేస్తాను. లీక్ ఉంటే గ్లౌజు వేళ్లు ఒక్కొక్కటే లేచి నిలబడతాయి. వాల్వ్‌ని బయటికి తీసి బల్ల మీద పరీక్షిస్తే మాత్రం జాగ్రత్త. పై నాజిల్‌కి ప్రెషర్ ఇవ్వకుండా ఒట్టి స్ప్రింగ్ మీదే వదిలేస్తే మంచి వాల్వ్ కూడా కొంత ప్రెషర్ దాటాక వదిలేస్తుంది.

స్కానర్ పని వేరు. అనుమానం ఎటు పెట్టాలో అది చెబుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి, ఇంజిన్ ఆపి కీ వేస్తే ఇక్కడ మానిఫోల్డ్ ప్రెషర్ 95 కిలోపాస్కల్స్ దగ్గర కనిపిస్తుంది, విశాఖలో 101 దగ్గర. ఇది తెలియక సెన్సర్ మార్చేసేవాళ్లున్నారు. వాల్వ్ సీటు దగ్గర లీకైతే లెక్కలోకి వచ్చిన గాలే లోపల తిరుగుతుంది కాబట్టి ఇంధనం లెక్క తప్పదు, బూస్ట్ ఒక్కటే తగ్గుతుంది. టర్బో తర్వాతి పైపు పగిలితే లెక్కించిన గాలి బయటికి పోయి, లోడ్ మీద గాలి-ఇంధనం మిశ్రమం చిక్కబడి నల్లపొగ వస్తుంది. టర్బో ముందరి పైపు పగిలితే లెక్కలో లేని గాలి లోపలికి చేరి ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ ఇంధనంలో చేసే సర్దుబాటు) ప్లస్ వైపు పోతుంది. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. చవక బ్లూటూత్ స్కానర్లు ట్రిమ్ చూడటానికి సరిపోతాయి. బూస్ట్ ఎంత అడిగింది, ఎంత వచ్చింది అని పక్కపక్కన చూపించేది మాత్రం కారు కంపెనీకి తగ్గ సాఫ్ట్‌వేరే.

మధ్యలో కొన్నాళ్లు లోహపు పిస్టన్ వాల్వ్ కూడా వాడాను. బాగా మూసుకుంటుంది, చేతికి గట్టిగా ఉంటుంది. కానీ దుమ్ముకి, ఆయిల్ ఆవిరికి పిస్టన్ పట్టేస్తుంది. తరచూ విప్పి తుడిచి సిలికాన్ గ్రీజు రాయాలి. బూస్ట్ పెంచని బండికి ఇంత చాకిరీ అక్కర్లేదు, అందుకే మళ్లీ డయాఫ్రమ్ వాల్వే వేశాను. శబ్దం కోసం గాలిని బయటికి ఊదే కిట్లు ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న కారుకి పెట్టొద్దని మాత్రం బతిమాలి చెబుతాను. లెక్కించిన గాలిని బయట పారబోస్తే, గేరు మార్చిన ప్రతిసారీ బండి దగ్గుతుంది.

మీ కారులో వాల్వ్ టర్బో బాడీకే బిగించి, వైరు కనెక్టర్‌తో ఉంటే అది ఎలక్ట్రిక్ రకం, దానికి ఈ పంపు పరీక్ష పనికిరాదు. స్కానర్‌తో ఆన్ చేసి 'టిక్' వింటే కాయిల్ బాగుందనే అర్థం, రబ్బరు బాగుందని కాదు. ఇంజిన్ చల్లారాక దాని బోల్టులు విప్పి సీలునీ డయాఫ్రమ్‌నీ వెలుతురులో కంటితో చూసుకోవాల్సిందే.