ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్: అందులోని పోలికల పాఠాలు తెలుగువాళ్లకు ఎంతవరకు సరిపోతాయి?

తెలుగులో విశేషణం మారదు. పెద్ద ఊరు, దానికంటే పెద్ద ఊరు, అన్నిటికంటే పెద్ద ఊరు. మూడు చోట్లా 'పెద్ద' పెద్దగానే ఉంటుంది, పోలిక భారమంతా 'కంటే' మోస్తుంది. ఇంగ్లీషులో ఆ భారాన్ని రెండు మాటలు పంచుకుంటాయి. బిగ్ కాస్తా బిగ్గర్ కావాలి, దాని పక్కన దేన్ రావాలి. 'హైదరాబాద్ ఈజ్ బిగ్ దేన్ వరంగల్' అని మనవాళ్ల నోట తరచూ వినిపించేది అందుకే. దేన్ పెట్టాక పని పూర్తయినట్టే అనిపిస్తుంది. ఈ అలవాటు మాన్పించడానికి రేమండ్ మర్ఫీ రాసిన 'ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్' ఎంత సాయపడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే ఇక్కడి విషయం. పుస్తకం మొత్తం గురించి కాదు, విశేషణాలు, పోలికల భాగం గురించే.

కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ ఈ పుస్తకాన్ని 1985లో మొదటిసారి వేసింది. ఇప్పుడు చూస్తున్నది 2019 నాటి అయిదో ఎడిషన్. ఇందులో 145 యూనిట్లు ఉన్నాయి. ఒక్కో యూనిట్‌కి రెండు పేజీలు, ఎడమవైపు వివరణ, కుడివైపు అభ్యాసాలు. విశేషణాలు 98వ యూనిట్‌లో మొదలవుతాయి. అసలు పోలికలు 105 నుంచి 108 వరకు, అంటే ఎనిమిది పేజీలు. పాత ఎడిషన్ దొరికితే యూనిట్ నంబరు చూసి కాకుండా విషయసూచికలో పేరు చూసి వెతకండి.

98వ యూనిట్ మనకు చాలా అవసరం. బోరింగ్, బోర్డ్ లాంటి జంటలు ఇందులో ఉంటాయి. తెలుగులో 'నాకు బోర్‌గా ఉంది' అంటాం కాబట్టి ఇంగ్లీషులో 'ఐ యామ్ బోరింగ్' అని వచ్చేస్తుంది. దాని అర్థం 'నా వల్ల ఎదుటివాళ్లకు విసుగు పుడుతోంది' అని. ఆ భావం పుట్టించేదానికి ఇంగ్, ఆ భావం కలిగిన మనిషికి ఈడీ. ఇంటర్వ్యూ గదిలో 'ఐ యామ్ ఇంట్రెస్టింగ్ ఇన్ దిస్ జాబ్' అనకుండా కాపాడేది ఈ రెండు పేజీలే. 99వ యూనిట్ విశేషణాల వరస గురించి. ముందు అభిప్రాయం, తర్వాత సైజు, వయసు, రంగు, ఎక్కడిది, దేనితో చేసింది. ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు. 'అందమైన పెద్ద పాత ఇత్తడి బిందె' అని మనం ఎలాగూ ఇదే వరసలో అంటాం.

105వ యూనిట్ చదివేటప్పుడు తొందర పనికిరాదు. మాట చివర ఈఆర్ చేర్చాలా, ముందు మోర్ పెట్టాలా అన్నది సిలబుల్స్ లెక్కను బట్టి, అంటే మాటలో వినిపించే అచ్చు ధ్వనుల లెక్కను బట్టి తేలుతుంది. ఆ లెక్కలోనే మనవాళ్లు తడబడతారు, కారణం కంటితో లెక్కపెట్టడం. 'స్ట్రేంజ్' స్పెల్లింగ్‌లో ఏడు అక్షరాలు ఉండటంతో పొడుగు మాటలా కనిపించి మోర్ తగిలించాలనిపిస్తుంది. పలికి చూస్తే అందులో ఉన్నది ఒకే అచ్చు ధ్వని, కాబట్టి స్ట్రేంజర్. అచ్చు ధ్వనులను వేళ్ల మీద లెక్కపెట్టండి. ఒకటైతే ఈఆర్. రెండై చివర వై ఉంటే కూడా ఈఆర్, ఆ వై ఐగా మారుతుంది. ఈజీ, హెవీ, బిజీ ఈ రకం. మూడు, అంతకు మించితే మోర్. క్లెవర్, క్వయట్, సింపుల్, నేరో వంటి కొన్ని రెండు సిలబుల్స్ మాటలకు రెండు పద్ధతులూ చెల్లుతాయి. ఒకే మాటకు రెండూ కలిపి 'మోర్ ఈజియర్', 'మోర్ బెటర్' అనడం మాత్రం ఎక్కడా చెల్లదు. తెలుగులో 'ఇంకా', 'ఎక్కువ' అన్న మాటలను ధారాళంగా చేర్చే అలవాటు ఉంది కాబట్టి ఈ తప్పు అంత త్వరగా వదలదు.

స్పెల్లింగ్ నియమాలు యూనిట్‌లో కాక పుస్తకం చివర 6వ అనుబంధంలో ఉన్నాయి. చాలామంది అక్కడిదాకా వెళ్లరు, రాతలో మార్కులు పోయేదేమో అక్కడే. ఒక సిలబుల్ మాట చివర ఒకే హల్లు, దాని ముందు ఒకే అచ్చు అక్షరం ఉంటే ఆ హల్లు రెట్టింపు అవుతుంది. బిగ్‌లో జీ, హాట్‌లో టీ, థిన్‌లో ఎన్ రెండేసి సార్లు వస్తాయి. చీప్, క్లీన్ మాటల్లో అచ్చు అక్షరాలు రెండు కాబట్టి రెట్టింపు లేదు. 105వ యూనిట్ తెరిచిన రోజే ఆ అనుబంధం కూడా చదివేయండి.

106వ యూనిట్ ఈ భాగంలోకెల్లా విలువైనది. తెలుగులో 'చాలా పెద్దది', 'చాలా మెరుగు' అని రెండు చోట్లా 'చాలా'యే. ఇంగ్లీషులో మామూలు విశేషణం ముందు వెరీ, పోలిక రూపం ముందు మచ్. కాబట్టి 'వెరీ బెటర్' తప్పు, 'మచ్ బెటర్' ఒప్పు. 'ఫార్ బెటర్', 'ఎ లాట్ బెటర్', కొంచెమే తేడా అయితే 'ఎ బిట్ బెటర్' కూడా నడుస్తాయి. అన్న, అక్క సంగతి కూడా ఇక్కడే ఉంది. 'మై ఎల్డర్ బ్రదర్' అనవచ్చు, 'హి ఈజ్ ఎల్డర్ దేన్ మీ' అనకూడదు. దేన్ వచ్చిన చోట ఓల్డరే. అన్నకూ తమ్ముడికీ వేర్వేరు మాటలున్న భాషలో పెరిగిన మనకు ఎల్డర్ మీద మక్కువ సహజమే, అందుకే దీన్ని ఒకటికి రెండుసార్లు రాసి చూసుకోవాలి.

107వ యూనిట్ యాజ్ జంట గురించి. 'విజయవాడ హైదరాబాద్ అంత పెద్దది కాదు' అన్నప్పుడు మన 'అంత' ఒక్కటే. ఇంగ్లీషులో విశేషణానికి అటొకటి, ఇటొకటి యాజ్ రావాలి, వాటి మధ్య విశేషణం మారకుండా ఉండాలి. 'యాజ్ బిగ్గర్ యాజ్' అని రాసేవాళ్లు తక్కువేం కాదు. రెట్టింపు చెప్పడానికీ ఇదే మూస, 'ట్వైస్ యాజ్ ఎక్స్‌పెన్సివ్ యాజ్'.

ఇదే యూనిట్‌లో పోటీ పరీక్షలు రాసేవాళ్లు జాగ్రత్తపడాల్సిన చోటు ఉంది. దేన్ తర్వాత 'మీ' అనవచ్చని, లేదా 'ఐ యామ్' అని పూర్తిగా చెప్పవచ్చని పుస్తకం నేర్పుతుంది. ఒట్టి 'దేన్ ఐ' మామూలుగా అనరని కూడా అంటుంది. ఇవాళ్టి వాడుకకు అది సరైన మాటే. మన దగ్గర తప్పులు పట్టే ప్రశ్నలు తయారుచేసేవాళ్లు చాలామంది పాత వ్యాకరణాన్ని పట్టుకుని 'దేన్ ఐ' మాత్రమే ఒప్పంటారు. మాట్లాడేటప్పుడు పుస్తకం చెప్పినట్టు మాట్లాడండి. పరీక్షలో 'దేన్ ఐ యామ్' ఆప్షన్ ఉంటే దాన్ని ఎంచుకోండి, అది రెండు పక్షాలకూ ఒప్పే.

108వ యూనిట్‌లో సూపర్‌లేటివ్, అంటే 'అన్నిటికంటే' అని చెప్పే రూపం. ఇక్కడ మనకు రెండు చిక్కులు. మొదటిది ద. తెలుగులో ఆర్టికల్ లేదు కాబట్టి అది జారిపోతుంది. రెండోది మన 'లో'. ప్రపంచంలో, క్లాసులో, ఏడాదిలో, ఈ ముగ్గురిలో అని అన్నిటికీ ఒకటే 'లో' సరిపోతుంది. ఇంగ్లీషులో స్థలానికీ, క్లాసు, జట్టు లాంటి సమూహానికీ ఇన్ వస్తుంది. కాలానికి ఆఫ్. లెక్క చెప్పిన మనుషులకూ ఆఫే, 'ద టాలెస్ట్ ఆఫ్ ద త్రీ'. ప్రతి వాక్యంలోనూ ముందు 'లో' కింద గీత గీసి, అది స్థలమా, కాలమా, మనుషులా అని తేల్చుకుని ఆ తర్వాత రాయండి.

ఇప్పుడు పుస్తకంలో కొరత. పదో తరగతి నుంచి ఉద్యోగ పరీక్షల దాకా మన విద్యార్థులను వెంటాడే 'డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్' మార్పిడి ఈ నాలుగు యూనిట్లలో లేదు. 'హైదరాబాద్ ఈజ్ ద బిగ్గెస్ట్ సిటీ ఇన్ తెలంగాణ' అన్నదాన్ని 'బిగ్గర్ దేన్ ఎనీ అదర్ సిటీ' అనీ, 'నో అదర్ సిటీ ఇన్ తెలంగాణ ఈజ్ యాజ్ బిగ్ యాజ్ హైదరాబాద్' అనీ మార్చాలి. అందులో అదర్ మరిచిపోతే హైదరాబాద్ తనకంటే తానే పెద్దదవుతుంది. పోల్చే ఊరు ఆ గుంపులో లేనప్పుడు మాత్రం అదర్ అక్కర్లేదు, 'బిగ్గర్ దేన్ ఎనీ సిటీ ఇన్ శ్రీలంక' సరైన వాక్యమే. 'వన్ ఆఫ్ ద బిగ్గెస్ట్' తర్వాత 'సిటీస్' అని బహువచనం రావాలి, పరీక్షల్లో ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. సీనియర్, జూనియర్, సుపీరియర్ పక్కన దేన్ కాదు, టు రావాలన్న సంగతికీ ఈ యూనిట్లలో చోటు లేదు. హైదరాబాద్ వాతావరణాన్ని వైజాగ్ వాతావరణంతో కాక వైజాగ్ ఊరితోనే పోల్చేసి 'దట్ ఆఫ్' వదిలేసే తప్పుకూ అంతే. డిగ్రీల మార్పిడి కోసం రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణ పుస్తకం పక్కన పెట్టుకోక తప్పదు. వాక్యాల మార్పిడి అధ్యాయంలో అది ఉంది.

ఇంకో లోపం అభ్యాసాల్లోనే ఉంది. 105వ యూనిట్ కుడి పేజీ చేస్తున్నంతసేపూ జవాబు పోలిక రూపమేనని ముందే తెలిసిపోతుంది. అన్నీ సరిగ్గా చేసి, మర్నాడు మాట్లాడేటప్పుడు మళ్లీ 'బిగ్ దేన్' అంటారు. దీనికి విరుగుడు ఉంది. రోజుకు ఒక యూనిట్, నలభై నిమిషాలు చాలు. ఎడమ పేజీ చదివి, మూసి, గుర్తున్న నియమాలను తెలుగులో రాయండి. కుడి పేజీని పెన్సిల్‌తో చేయండి. నాలుగు రోజుల తర్వాత చెరిపేసి, నాలుగు యూనిట్ల నుంచి తలా మూడు ప్రశ్నలు కలగలిపి మళ్లీ చేయండి. ఆ పైన మీ ఇంటి సంగతుల మీద అయిదు తెలుగు వాక్యాలు 'కంటే', 'అంత', 'అందరిలో', 'చాలా', 'రెట్టింపు'తో రాసుకుని ఇంగ్లీషులోకి మార్చండి. తప్పు బయటపడేది ఆ మార్చే క్షణంలోనే.

కొనేటప్పుడు అట్ట మీద 'విత్ ఆన్సర్స్' అని ఉందో లేదో చూడండి. జవాబులు లేని కూర్పు కూడా ఉంది, అది క్లాసులో మాస్టారు దిద్దేవాళ్ల కోసం. ఇది నీలం అట్ట పుస్తకం, మధ్యస్థాయి వాళ్లది. వివరణంతా ఇంగ్లీషులోనే ఉంటుంది. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు వాక్యం కూడబలుక్కునే స్థితిలో ఉన్నవాళ్లు ఇదే రచయిత ఎర్ర అట్ట పుస్తకం 'ఎసెన్షియల్ గ్రామర్ ఇన్ యూజ్'తో మొదలుపెట్టి, అందులో పోలికల యూనిట్లు పూర్తయ్యాక ఈ నీలం పుస్తకంలోని 105వ యూనిట్‌కి రావచ్చు.