ఎర్ర తాడు లాగితే ఎంతసేపటికి వస్తారు?

హైదరాబాదు శివార్లలో, అవుటర్ రింగు రోడ్డు దాటాక ఉన్న ఒక సీనియర్ లివింగ్‌లో, అంటే పెద్దవాళ్లకి ఇల్లూ భోజనమూ మనిషి సాయమూ ఒకే చోట ఇచ్చే చోట, మేమిద్దరం చేరి 14 నెలలైంది. పేరు రాయను. ఇంకా ఇక్కడే ఉంటున్నాం, రేపు పొద్దున్న మళ్లీ ఆ వంటాయన మొహం చూడాలి కదా.

నాకు 74, మావారికి 80. నేను రాజమండ్రిలో 31 ఏళ్లు లెక్కల టీచరుగా చేశాను. ఆయన ఇరిగేషన్‌లో, సర్వీసంతా ధవళేశ్వరమే. ఆరేళ్ల కిందట పార్కిన్సన్స్ అన్నారు, చేతులు వణికి, కదలికలు మందగించే జబ్బు. అమ్మాయి దగ్గర బెంగుళూరులో ఎనిమిది నెలలున్నాం. పధ్నాలుగో అంతస్తు. తొమ్మిదింటికి వాళ్లు తలుపేసుకుని వెళితే సాయంత్రం ఏడు దాకా మనిషి మాట లేదు. ఒకరోజు ఆయన బాత్రూంలో జారి కూలబడ్డారు. లేపడం నా వల్ల కాలేదు. ఫోను హాల్లో ఉంది. నేను లేస్తే నా కొంగు పట్టుకుని వదలరు. పక్కనే తడి నేల మీద కూర్చున్నాను, పనమ్మాయి వచ్చేదాకా, 40 నిమిషాలు. ఇక సాయానికి మనిషి ఉండే చోటుకి వెళతామని ఆ సాయంత్రమే అమ్మాయితో చెప్పేశాను.

మా ఆడపడుచు మాత్రం "మా అన్నయ్యని ఆశ్రమంలో పడేశావా వదినా" అని నెల్లాళ్లు మాట్లాడలేదు. ఆశ్రమం కాదమ్మా, తాళం చెవి మా దగ్గరే ఉంటుంది, కావలసినప్పుడు మనిషి వస్తుంది అంటే నమ్మలేదు. సంక్రాంతికి వచ్చి నా పొయ్యి మీద నేను కాచిన కాఫీ తాగాక కాస్త మెత్తబడింది.

ఇల్లు ఒక గది, హాలు, మూల చిన్న వంటగట్టు. గ్యాసు కుదరదన్నారు, ఇండక్షన్ పొయ్యి ఇచ్చారు. బాత్రూంలో గరుకు టైల్సు, కమోడ్ పక్కన గట్టి స్టీలు కడ్డీలు, స్నానానికి గోడకి మడిచే స్టూలు. వీటికి వంక పెట్టలేను. కానీ ఇంటికి గడప లేదు! వీల్‌చైర్ నడవాలి కాబట్టి పెట్టరు, తెలుసు. అయినా శుక్రవారం పసుపు ఎక్కడ రాయను?

దానికి మందు అనుకోని చోట దొరికింది. ఈ జబ్బులో మనిషి నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గరికి రాగానే కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. వెనక నుంచి తోస్తే పడతారు. ఫిజియో కుర్రాడు బాత్రూం గుమ్మం ముందు అడుగుకో పట్టీ లెక్కన పసుపురంగు టేపు నాలుగు వరసలు అంటించాడు. "సార్, గీత దాటండి" అన్నాడు. అంతే, నేల మీద రాని అడుగు గీత మీంచి వచ్చింది! నా కళ్లతో చూసి ఉండకపోతే నమ్మేదాన్ని కాదు. వీధి గుమ్మం దగ్గర కూడా ఒకటి వేయమన్నాను. అదే మా గడప ఇప్పుడు. శుక్రవారం దాని పక్కనే చిన్న ముగ్గు.

ఇక తాడు సంగతి. మంచం పక్కన ఒకటి, బాత్రూంలో ఒకటి, ఎర్ర తాళ్లు ఉంటాయి. లాగితే నర్సు గదిలో గంట మోగుతుంది. బాత్రూం తాడు నేలకి జానెడు ఎత్తుదాకా వేలాడాలి, ఎందుకంటే పడ్డవాడు నేల మీదే ఉంటాడు. చేరిన వారానికే చూశాను, తుడిచే అమ్మాయి తడవకుండా దాన్ని పైకి చుట్టి ముడేసింది. విప్పాను. మర్నాడు మళ్లీ ముడి. మేనేజర్‌కి చెప్పాను, "తప్పకుండా మేడమ్" అన్నాడు. మూడోరోజు మళ్లీ ముడి. ఆఖరికి ఆ అమ్మాయినే లోపలికి పిలిచి, నేల మీద కూర్చోబెట్టి, "ఇప్పుడు అందుకో" అన్నాను. చెయ్యి చాచింది, అందలేదు. మా అంతస్తులో ఇంకెక్కడా ఆ ముడి కనబడలేదు.

బుద్ధి పోనిచ్చుకోక, తాడు లాగిన ప్రతిసారీ నోటుపుస్తకంలో టైము రాశాను. ఇప్పటికి 23 సార్లు. పగలు మూడు నాలుగు నిమిషాల్లో వస్తారు. రాత్రి అయితే తొమ్మిది, పది నిమిషాలు. ఒకసారి 26 నిమిషాలు! రెండంతస్తులకి రాత్రిపూట ఒక్కతే మనిషి, ఆ పిల్ల అప్పుడు పైన ఇంకెవరికో పక్కబట్టలు మారుస్తోంది. దాన్నేమనగలం? అనాల్సినవాళ్లని అంటే "కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోంది మేడమ్" అంటారు. సాఫ్ట్‌వేర్ వచ్చి లేపుతుందా ఆయన్ని?

మాత్రల దగ్గర పెద్ద యుద్ధమే జరిగింది. ఈ జబ్బుకి వేసే మాత్ర సిండోపా, ఆయనకి పొద్దున్న 6, 11, సాయంత్రం 4, రాత్రి 9. అన్నానికి అరగంట ముందే పడాలి, పప్పూ పెరుగూ గుడ్డూ దానికి అడ్డొస్తాయి, మందు సరిగ్గా ఒంటికి పట్టదు. వీళ్లేమో అందరికీ కలిపి భోజనాలప్పుడు ట్రాలీ తిప్పుతారు. బీపీ మాత్రకి ఫరవాలేదేమో గానీ ఇది అరగంట ఆలస్యమైతే ఆయన చెంచా ఎత్తలేరు. రెండు నెలలు పోరాడి, డాక్టరుగారి చేత రాయించి, నేనో కాగితం మీద సంతకం పెట్టాక మాత్రలు మా గూట్లోకి వచ్చాయి. ఇప్పుడు 11కి నర్సే వచ్చి "వేశారా అమ్మగారూ" అని అడుగుతుంది. మంచి పిల్ల. ఇచ్ఛాపురం వైపు.

డబ్బు. ఇద్దరికీ అద్దె, భోజనం 58,000. ఆయనకి 'లెవెల్ 2' సహాయం 14,000, మనిషి సాయం ఎంత కావాలో దాన్నిబట్టి లెవెల్. మొత్తం 72,000 మీద 18 శాతం జీఎస్టీ, 12,960. వెరసి నెలకి 84,960. ఫిజియో, డైపర్లు, బయటి డాక్టరు వేరే. డిపాజిట్ మూడు లక్షలు. ధర్మసంస్థగా రిజిస్టరైన ట్రస్టులు నడిపే వృద్ధాశ్రమాల్లో అయితే మనిషికి నెలకి 25,000 దాకా జీఎస్టీ లేదు. ఇది కంపెనీ కాబట్టి కట్టాల్సిందే. రెండు పెన్షన్లూ కలిపినా చాలవు, రాజమండ్రి ఇంటి అద్దె తోడు పెడుతున్నాం.

ఈ లెవెళ్లతోనే నా గొడవ. మావారికి చొక్కా గుండీలు పెట్టుకోడానికి 11 నిమిషాలు పడుతుంది. వేలు వణుకుతుంది, గుండీ కాజాలోంచి జారుతుంది, మళ్లీ పడతారు. ఆఖరిది పడ్డాక అద్దంలో ఒకసారి చూసుకుంటారు. స్టూలు మీద కూర్చుని స్నానం ఆయనే చేసుకుంటారు, అరగంట పైన. అటెండెంటు కుర్రాడికి అంత తీరిక లేదు. రెండు నిమిషాల్లో తొడిగేసి, పది నిమిషాల్లో స్నానం కానిచ్చేసి పోవాలని చూస్తాడు. అలా ఓ నెల చేయనిచ్చాను, నాకూ హాయిగానే ఉంది, అబద్ధమెందుకు. నెల తిరిగేసరికి ఆయన గుండీ వైపు చూడ్డమే మానేశారు. సరిగ్గా అప్పుడే మూడు నెలలకోసారి చేసే పరీక్ష వచ్చింది. "అంకుల్‌కి డ్రెస్సింగ్, బాతింగ్ రెండూ మనిషి సాయం కావాలి, లెవెల్ 3" అన్నారు. ఇంకో 9,000, పన్నుతో 10,620. వాళ్లు తొందరపడి చేసేకొద్దీ ఆయన చేతకానివారవుతారు, ఆయన చేతకానివారయ్యేకొద్దీ వాళ్ల బిల్లు పెరుగుతుంది. ఎవరూ కుట్ర పన్నలేదు, నాకూ తెలుసు. కానీ లెక్క అలా వేశారు. నేను సంతకం పెట్టలేదు. "గుమ్మం దగ్గర నిలబడు నాయనా, పడబోతే పట్టుకో, అంతే" అని ఆ కుర్రాడికి చెప్పాను. మూడు వారాలకి గుండీలు తిరిగొచ్చాయి. ఇంకా లెవెల్ 2లోనే ఉన్నాం.

తిండి గురించి పెద్దగా రాయడానికేం లేదు. పథ్యమంటే పోపు లేకపోవడమని ఆ వంటాయన అభిప్రాయం. నేను గిన్నె ఇంటికి తెచ్చుకుని ఇంగువ పోపు పెట్టుకుంటాను.

సాయంత్రాలు తంబోలా, భజన, కుర్చీలో వ్యాయామం. మావారు వేటికీ వెళ్లేవారు కాదు. మాట బాగా సన్నబడింది, ఎవరికీ వినబడదని ఆయనకి నామోషీ. కిందటి ఆగస్టులో ఫోనులో గోదావరి మట్టం చూస్తూ కూర్చుంటే, ఆ కార్యక్రమాలు చూసే అబ్బాయి "ఏంటి సార్ ఇది" అని అడిగాడు. మర్నాడు హాల్లో బోర్డు మీద "ధవళేశ్వరం నేటి నీటిమట్టం" అని రాసి, చాక్‌పీసు ఈయన చేతికిచ్చాడు. 11.75 అడుగులు మొదటి హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. అంకెలు వంకరగా, చీమల్లా చిన్నగా పడ్డాయి. తూర్పు, పశ్చిమ గోదావరుల వాళ్లు ఆరేడుగురం ఉన్నాం, టీ కప్పులతో అందరం చుట్టూ చేరాం. 86 వరద రాత్రి గట్టు మీద ఏం జరిగిందో అరగంట చెప్పారు, వినబడకపోతే "గట్టిగా చెప్పండి గురువుగారూ" అని అరుస్తూనే విన్నారు. ఆ అబ్బాయి జీతం ఎంతో నాకు తెలీదు గానీ, నా 84,960లో చేదుగా అనిపించని భాగం అదొక్కటే.

చేరేవాళ్లు ఒప్పందం పూర్తిగా చదవండి. ఆసుపత్రిలో నెలుంటే అద్దె ఎంత, ఇద్దరిలో ఒకరు పోతే రెండోవారికి ఎంత, డిపాజిట్ ఎన్నాళ్లకి తిరిగిస్తారు? ఈ మూడింట్లో రెండోదానికి మా కాగితంలో జవాబు లేదు. అడిగితే మేనేజర్ "అలాంటి మాటలెందుకు మేడమ్" అన్నాడు. రాసివ్వమన్నాను, రాసిచ్చాడు.

నన్ను మార్కులడిగితే నూటికి 65 వేస్తాను. రాత్రికి రెండో మనిషిని పెడితే ఇంకో పది. చూడ్డానికి వచ్చేవాళ్లు ఆదివారం పొద్దున్న వచ్చి తోట ఫోటోలు తీసుకుని పోతుంటారు. అలా కాదు, గెస్ట్ రూం ఉంది, ఇద్దరూ వచ్చి మూడు రాత్రులుండండి. బాత్రూంలోకి వెళ్లి తాడు ముడేసి ఉందేమో చూడండి. మంగళవారమో బుధవారమో రాత్రి రెండింటికి ఒకసారి లాగి, గడియారం చూసుకోండి. వచ్చిన పిల్లకి సారీ చెప్పి, మంచినీళ్లిచ్చి పంపండి.