కాగితం నింజా కత్తి: ఏ కత్తి మేలు, ఏ కాగితం మేలు?

సెలవులొస్తే చాలు, విజయవాడలో పిల్లలున్న ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా కాగితం ఆయుధాలే. మా తరం వాననీళ్ళలో కత్తి పడవలు వదిలింది, వీళ్ళు జపాన్ కార్టూన్లు చూసి కునాయ్ కత్తులు మడుస్తున్నారు. గొడవల్లా కాగితం దగ్గరే. పిల్లాడు అడగ్గానే పెద్దవాళ్ళు షాపుకెళ్ళి గట్టిగా ఉందని చార్టు కొనుక్కొస్తారు. అది నాలుగో మడతకే పగులుతుంది, వాడు మొహం వేలాడేస్తాడు.

కాగితం సంగతికి ముందు, ఏ కత్తి చెయ్యాలో తేల్చుకోవాలి. పిల్లలకు తెలిసినవి రెండు. కునాయ్ అంటే ఆకులాంటి మొన, దానికో పిడి, పిడి చివర రింగు. జపాన్‌లో ఇది అసలు పనిముట్టు. మట్టి తవ్వడానికి, గోడపనికి వాడేవారు, మన తాపీ మేస్త్రి చేతిలో తాపీలాగా. ఆ రింగు తాడు కట్టుకోవడానికి. రెండోది షురికెన్, చేత్తో విసిరేది. పిల్లలు కాగితంతో చేసేది నాలుగు మొనల నక్షత్రం.

చెయ్యడం తేలిక ఏదంటే షురికెనే. చదరపు కాగితాన్ని మధ్యకు కోస్తే రెండు పట్టీలు. ఒక్కో పట్టీని నిలువుగా సగానికి మడిచి, రెండు కొసల్నీ ఏటవాలుగా తిప్పి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి చెవుల్ని లోపలికి దూర్చడమే. గమ్ము అక్కర్లేదు, టేపు అక్కర్లేదు. పిల్లలు తప్పేది ఒక్కచోటే. రెండు పట్టీలూ ఒకేలా మడిచేస్తారు. అద్దంలో చూసినట్టు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరగాలి. అలా లేకపోతే ఎంత కుస్తీ పట్టినా చెవులు దూరవు. "బాబాయ్, ఇది లాక్ అవ్వట్లేదు" అని వచ్చారంటే నూటికి తొంభైసార్లు సంగతి ఇదే. కాగితాన్ని తిట్టకుండా ఒక పట్టీ విప్పి రివర్స్‌లో మడిస్తే సరిపోతుంది.

అయినా ఇంట్లో ఆటకు నా ఓటు కునాయ్‌కే. షురికెన్ ఉన్నదే విసరడానికి. రెండు గదుల ఫ్లాట్‌లో, పైన ఫ్యాన్ తిరుగుతుంటే, పక్కన చంటిది పాకుతుంటే అది ఎటు పోతుందో చెప్పలేం. కాగితమే కదా అనుకుంటాం గానీ, గట్టిగా మడిచిన మొన కంటికి తగిలితే చిన్న విషయం కాదు. కునాయ్ చేతిలో ఉంటుంది. వాడు దాంతో గంతులేస్తాడు, నడుముకు దోపుకుంటాడు, అద్దం ముందు పోజులు పెడతాడు. గ్రౌండ్ దగ్గర్లో ఉంటే షురికెన్లు అక్కడికి తీసుకెళ్ళనివ్వండి, ఎంత విసురుకుంటే అంత.

ఇక కాగితం. గట్టిగా ఉంటే మంచి కత్తి అవుతుందనుకోవడం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. కత్తికి బలం పొరల వల్ల వస్తుంది. ప్రతి మడతకూ మందం రెట్టింపవుతుంది కాబట్టి పల్చటి కాగితమే నాలుగు మడతలకు గట్టిపడుతుంది. చార్టుకు ఆ అవకాశమే ఉండదు. మొన దగ్గర పొరలన్నీ ఒకేచోట చేరేసరికి పైపొర చిట్లి తెల్లటి పీచు బయటికొస్తుంది, అక్కడి నుంచి చిరుగుతుంది. దానికితోడు మిషన్ మీద తయారైన కాగితంలో పీచు ఒకవైపే సాగి ఉంటుంది. పీచు వెంట మడిస్తే నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పగులుతుంది. ఎటు ఉందో తెలియాలంటే కాగితాన్ని మడత పడకుండా రెండువైపులా వంచి చూడండి, తేలిగ్గా వంగేదే పీచు వైపు. ఎలాగూ కునాయ్‌లో మడతలన్నీ ఏటవాలే, చార్టుకు కలిసొచ్చే వైపంటూ ఉండదు.

అందుకే మొనకు మామూలు ఏ4 జిరాక్స్ కాగితాన్ని మించింది లేదు. 75 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) చాలు, ఒకవైపు ప్రింట్ ఉన్నదైనా పర్వాలేదు. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట వైపు ఉండేవాళ్ళు దీనికోసం కొత్త కట్ట కొననక్కర్లేదు. జిరాక్స్ షాపులో పాడైన కాగితాలు అడిగి చూడండి.

ఏ4 కొలత 210 × 297 మిల్లీమీటర్లు. దాన్ని పూర్తిగా వాడితే కత్తి కాస్తా ఖడ్గమవుతుంది. సగానికి చించి, ఆ సగంలోంచి దాదాపు 15 సెంటీమీటర్ల చదరం తీయండి. మిగిలే ఆరు సెంటీమీటర్ల పట్టీ పారేయొద్దు, రింగుకు అదే కావాలి. చదరాన్ని మూల నుంచి మూలకు మడిచి విప్పితే మధ్యగీత పడుతుంది. రెండు అంచుల్ని ఆ గీత మీదికి తెస్తే గాలిపటం ఆకారం వస్తుంది, అవతలి రెండు అంచుల్నీ తెస్తే సన్నటి డైమండ్. ఇప్పుడు ముందువైపు అంచుల్ని మాత్రం ఇంకోసారి గీత మీదికి మడవాలి. దాంతో వెడల్పు వెనక్కి జరిగి అచ్చం కునాయ్ మొనలా తయారవుతుంది. ఈ ఆఖరి మడతకు వేలు చాలదు, గోటితోనో స్కేలు అంచుతోనో గట్టిగా రుద్దాలి. రుద్దకపోతే సాయంత్రానికి విచ్చుకుంటుంది.

లాంగ్ నోట్‌బుక్ కాగితం రెండో స్థానం. మొన కొంచెం మెత్తగా వస్తుంది. రంగు కాగితాలు చూడముచ్చటగా ఉంటాయి, మొదటిసారి నేర్చుకునేవాడికి వాటి మీద డబ్బు దండగ.

న్యూస్‌పేపర్‌తో మొన చెయ్యాలని చూడొద్దు. వేలాడుతుంది, పైగా సిరా చేతులకు, అక్కడి నుంచి గోడలకు అంటుతుంది. అద్దె ఇల్లయితే ఓనరుతో మాట పడాలి. పిడికి మాత్రం దాన్ని కొట్టేది లేదు. సగం పేజీని పెన్సిలు చుట్టూ బిగువుగా చుట్టి, పెన్సిలు లాగేసి, టేపు వేస్తే కర్రలా ఉంటుంది. ఏ4తో చుట్టిన పిడి ఇంత బిగువుగా రాదు, లోపల డొల్లగా ఉండి పట్టుకోగానే నొక్కుకుపోతుంది. మొన తోకను రెండు వేళ్ళతో నొక్కి పిడి నోట్లో మూడు సెంటీమీటర్లు దూర్చండి, చుట్టూ టేపు. మిగిలిన పట్టీని వేలి చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి అవతలి చివర అంటిస్తే రింగు. పాత పెళ్ళిశుభలేఖలు ఉంటే రింగుకు అవి ఇంకా బాగుంటాయి.

గమ్మా, టేపా అంటే టేపే. ఫెవికాల్ తడికి కాగితం ముడతలు పడుతుంది, ఆరేదాకా ఆగే ఓపిక పిల్లలకు ఉండదు. వానాకాలంలో తేమకు మొన మెత్తబడుతుంది. అప్పుడు దాన్ని అతికించి బతికించే బదులు కొత్తది మడుచుకోవడమే తేలిక.

ఒక్క విషయంలో మాత్రం రాజీ వద్దు. గట్టిగా ఉంటుందని పిల్లలు మొన లోపల పాత రీఫిల్లో, ఐస్‌క్రీమ్ పుల్లో, చీపురుపుల్లో పెడతారు. స్టాప్లర్ పిన్ను కొడతారు. అది కనిపిస్తే తీయించేయండి. మొన కొసను కూడా ఒక సెంటీమీటరు లోపలికి మడిచి టేపు వేయించండి. "అప్పుడు కత్తిలా ఉండదు మావయ్యా" అంటాడు. నల్లటి స్కెచ్‌తో అంచులు దిద్దుకోమంటే ఆ బాధ తీరిపోతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఏ4లో మిగిలిన సగం ఎలాగూ ఉంది, రెండో కత్తి కూడా అప్పుడే మడిచేసి వేరే రంగు టేపు చుట్టండి.